క్లౌ దొరగారు, కరువు కాలువ, నేటి శరణార్థులు



టికిరి, రాయగడ, కోరాపుట్ ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు బాప్టిస్టు కుటుంబాలలో ఒంగోలు, నెల్లూరు వైపు నుండి వచ్చినవారికి క్లౌ దొరగారిని పరిచయం చేయనక్కరలేదు. వారి ముత్తాతలలో ఎవరో ఒకరు ఆయన నాటి సంఘములో సభ్యులై ఉంటారు. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు నుండి వచ్చినవారు కెనడియన్ మిషన్ సంఘముల బిడ్డలు గనుక, ఆయన పేరు విన్నా చరిత్ర అంతగా తెలియకపోవచ్చు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితమును కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

వ్రాయడానికి మరో కారణం కూడా ఉంది. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది, 2024 మార్చిలో దాని నియమాలు వెలువడ్డాయి. అప్పటినుండి ఆరాధన ముగిసి బయటికి వచ్చాక మనవాళ్లు నలుగురు నిలబడితే చాలు, ఈ మాట వస్తున్నది. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుండి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పార్శీలకు, క్రైస్తవులకు ఆ చట్టం పౌరసత్వానికి దారి చూపుతుంది. మన పేరు జాబితాలో ఉంది గదా, సంతోషించవద్దా అని కొందరి వాదన. విశ్వాసం కోసం దెబ్బలు తిన్నవారిని ముందు లోపలికి తీసుకోవడమే న్యాయమని వారు గలతీ పత్రిక 6వ అధ్యాయము 10వ వచనము చూపుతారు. గాయపడినవానిని మతమేమిటని అడుగుతారా అని మంచి సమరయుని ఉపమానము చూపేవారు మరికొందరు. గలతీ వచనంలో అందరికీ మేలు చేయమన్న మాటా ఉంది, విశ్వాస గృహమువారికి విశేషంగా చేయమన్న మాటా ఉంది. కాబట్టి ఒక్క వచనంతో తగవు తెగేది కాదు.

క్లౌ దొరగారి ముందుకు ఈ ప్రశ్న వచ్చింది ఉపన్యాస వేదిక మీద కాదు. ఆకలితో చచ్చిపోతున్న వేలాదిమంది నడుమ, చేతిలో కూలి డబ్బుల సంచి ఉన్నప్పుడు వచ్చింది. అప్పుడు ఆయన ఏమి చేశారో చూద్దాము.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. చిన్నతనంలోనే ఆ కుటుంబం పడమటి వైపు కొత్త భూములకు తరలిపోయింది. అంటే ఆయన కూడా వలస కుటుంబపు బిడ్డడే. పడుచుతనంలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ సర్వే బృందంతో గొలుసు పట్టి భూమి కొలిచారు. అడవిలో గుడారం వేయడం, మట్టి పని అంచనా కట్టడం, కూలీలను నడపడం అక్కడే నేర్చుకున్నారు. దేవుని పని మీద ఆయనకు అప్పట్లో మనసు లేదు, న్యాయవాది కావాలని ఆశ. అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ పట్టణంలో చదువుకుంటూ ఉండగా మారుమనస్సు పొంది బాప్తిస్మము తీసుకున్నారు. తరువాత బడిపంతులుగా పనిచేశారు, ఇంటింటికీ తిరిగి క్రైస్తవ పుస్తకాలు అమ్మారు. 1864 నవంబరులో భార్య హేరియట్ దొరసానిగారితో బోస్టను రేవులో ఓడ ఎక్కి, 1865 ఏప్రిలులో మద్రాసులో దిగారు.

అప్పటి తెలుగు మిషన్ పరిస్థితి ఎంత దీనంగా ఉండేదంటే, దానిని మూసివేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. దానికి ఒంటి నక్షత్రమని పేరు వచ్చింది కూడా ఆ చర్చల్లోనే. మూసివేయనివ్వకుండా పట్టుబట్టినవారు జూవెట్ దొరగారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయన మరి నలుగురితో ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. దానిని ఇప్పటికీ ప్రార్థన కొండ అని పిలుస్తారు. ఆ ప్రార్థన జరిగిన పన్నెండేళ్లకు, 1866 సెప్టెంబరు 17న, క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు.

ఆయన వచ్చేసరికే యర్రగుంట్ల పేరయ్యగారు అనే మాదిగ సహోదరుడు సత్యమును వెదుకుతూ ఉన్నారు. ఆయన యోగమార్గము తెలిసినవారు, చదువు లేకపోయినా తనవారిలో గౌరవం ఉన్న మనిషి. ఆయన బాప్తిస్మము పొందాక వెనుకనే ఆయన జనం రాసాగారు. ఒంగోలులో బ్రాహ్మణులు, కోమట్లు దొరగారి బడికి పిల్లలను పంపుతూ, మాదిగలను చేర్చుకుంటే తాము ఉండబోమని తెలియజేశారు. పెద్దలను ముందు పట్టుకుంటే చిన్నలు వెనుక వస్తారన్నది ఆ కాలపు మిషనెరీలు చాలామంది నమ్మిన పద్ధతి. దొరగారు, దొరసానిగారు వేరువేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటవ కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడిందని, లోకంలో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న ఆ మాటను బట్టి వారు నిర్ణయించుకొన్నారని మన సంఘాలలో అందరూ చెప్పుకుంటారు. బడి ఖాళీ అయ్యింది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది.

ఎవరికి ముందు చోటు అన్న ప్రశ్న ఆయనకు మొదట ఎదురైనది అక్కడ. అప్పుడు ఆయన తలుపు దగ్గర నిలబడి బలవంతులకు చోటు దాచిపెట్టలేదు.

ఇక హింస గురించి. చేరినవారికి దొరగారు పెట్టిన నియమాలు సులభమైనవే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్నవి గాని, పల్లెలో ఇవి పెద్ద తిరుగుబాటు. జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి. కొట్టమన్నారు, వీరు కొట్టలేదు. ఆదివారం పొలానికి రమ్మన్నారు, వీరు వెళ్లలేదు. దానితో పని ఇవ్వడం మానుకున్నారు, నీళ్లు దొరకకుండా చేశారు, దొంగతనం నేరం మోపారు, కొట్టారు. మునసబు, కరణం ఎవరి పక్షమో చెప్పనక్కరలేదు. దొరగారు ఈ ఫిర్యాదులు కలెక్టరు దాకా తీసుకువెళ్లి, అవసరమైన చోట కోర్టుకు కూడా ఎక్కించారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ పల్లెలలో జరిగిన హింస ఏ రికార్డులోనూ హింస అని వ్రాసి ఉండదు. కరణం లెక్కలో అది కూలికి రాని మనిషి, శిస్తు బాకీ, చిల్లర దొంగతనం. ఈనాడు శరణు కోరి వచ్చినవారిని, నిన్ను నీ మతం వల్లనే హింసించారనడానికి కాగితం చూపమంటే వారు నోరు మూసుకొని నిలబడేది ఇందుకే. అమెరికాలో 1989లో లాటెన్‌బర్గ్ సవరణ అనేది ఒకటి వచ్చింది. సోవియట్ దేశం నుండి వచ్చే యూదులు, ఎవాంజెలికల్ క్రైస్తవులు మొదలైనవారు ఒక్కొక్కరూ పూర్తి సాక్ష్యం తేనక్కరలేకుండా, ఆ గుంపులకు జరిగిన హింస లోకానికి తెలిసినదే గనుక రుజువు భారం తగ్గించారు. మతమును బట్టి ప్రత్యేకత చూపడమంటే అన్నివేళలా పక్షపాతం కాదు. కాగితం దొరకనివారికి కాగితం అడగకపోవడం కూడా న్యాయమే. ఇది మరచిపోకుండా ముందుకు వెళదాము.

1876లో వానలు రెండు కారులూ తప్పాయి. దానినే మన పెద్దలు ధాత కరువు అన్నారు. రెండేళ్లలో దక్షిణ దేశమంతటా చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటే. సముద్రపు రేవుల నుండి రైళ్ల మీద బియ్యం వస్తూనే ఉన్నా, కొనే చేతులలో డబ్బు లేదు. మద్రాసు ప్రభుత్వము కరువు పనులు పెట్టింది. ఖర్చు తగ్గించడానికి కలకత్తా దొరల ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం వెల, ఒక అణా చాలునని కూలి కోసివేశాడు. ఆ తిండి తిని మట్టి మోసిన మనిషి బ్రతకడని ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ మొరపెట్టుకోవలసి వచ్చింది.

ఆ కరువు పనులలో పెద్దది బకింగ్‌హాం కాలువ. మద్రాసు నుండి కృష్ణ దాకా పడవలు నడిచేలా సముద్రతీరం వెంట తవ్విన కాలువ అది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. పేరుకు ఆ కూలి శిబిరాలు అందరివీ. కాని మేస్త్రీ ఎవడు, నీటి కుండ ఎవరిది, కూలి లెక్క వ్రాసేవాడు ఎవడు అన్న దగ్గర అందరివీ కావు. అంటరానివాడు, అందులోనూ కొత్త మతంలో కలిసినవాడు, వరుసలో చివర నిలబడి చివరికి ఏమీ అందక తిరిగి రావడం జరుగుతూ ఉండేది.

దొరగారు ప్రభుత్వం దగ్గరకు వెళ్లి, ఒంగోలుకు తూర్పున మూడున్నర మైళ్ల తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టి నేర్చిన విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. తన బోధకులను పని మీద పెద్దలుగా పెట్టారు. నిన్నటిదాకా మేస్త్రీ తిట్లు తిన్నవారే ఇప్పుడు పలుగులు, గంపలు పంచి, కూలి లెక్క చూసి, ఆకలితో కూలబడినవారిని గుడిసెలోకి చేర్చారు. సాయంత్రం పని అయ్యాక కూలీలతో మాట్లాడి సువార్త చెప్పారు. ఆదివారం పని లేదు.

ఆయన ఈ పని ఎవరి కోసం తీసుకున్నారు? తన సంఘస్థుల కోసమే. ఇందులో దాపరికం లేదు. హింస పడుతున్న తనవారు బయట శిబిరాలలో బ్రతకలేరని తెలిసి, వారికి భయం లేని చోటు ఒకటి కావాలని చూశారు. ఈ భాగమంతా ముందు మనవారే అనేవారి పక్షంలో ఉంది. మేము దీనిని దాచడం లేదు.

అయితే ఆ శిబిరానికి కంచె వేయలేదు. ఇక్కడ కొట్టరని, కూలి సరిగా ముడుతుందని కబురు పాకింది. మాలలు వచ్చారు, రకరకాల కులాలవారు వచ్చారు, బొమ్మకు మొక్కేవారు వచ్చారు. పని పెట్టమన్నవారికి పలుగు ఇచ్చారు. ఇంగ్లండు నుండి చందాలుగా వచ్చిన కరువు సహాయ నిధిని పంచినప్పుడు కూడా ఆయన మతం పేరు వరుస కట్టలేదు. హింసకు గురైనవాడు భయం లేకుండా రాగలిగిన చోటు ఆయన కట్టారు. వచ్చాక ఎవరి నొసటిమీది గుర్తూ చూడలేదు. తనవారికి మొదట చోటు చేయడం వేరు, తనవారు కానివారికి తలుపు వేయడం వేరు.

ఆయన రెండవ నిర్ణయం ఇంకా కఠినమైనది. కరువు కాలమంతా, దాదాపు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. వేలమంది అడిగారు. బోధకులు బ్రతిమాలారు. అడిగినవారిలో ఎందరో ఆ నెలలలోనే కలరాకు, ఆకలికి చనిపోయారు. బాప్టిస్టులమైన మనకు తెలుసు, నీటిలో దిగాలని నిజంగా కోరినవానిని ఆపడం సేవకునికి ఎంత బరువో. అయినా ఆపారు. కూలి డబ్బులు తన చేతిలో ఉన్నంతకాలం, బాప్తిస్మము అన్నానికి చీటీ అవుతుందని ఆయన భయం.

ఈ భయము నూట యాభై ఏళ్ల నాటి ముచ్చట కాదు. ఐరోపాలో, ముఖ్యంగా జర్మనీలో, ఇరాను నుండి ఆఫ్ఘనిస్తాన్ నుండి వచ్చి క్రీస్తును నమ్మినవారు ఎందరో శరణు కోరుతున్నారు. తిరిగి పంపితే ప్రాణాపాయమే. వారి నమ్మకం నిజమా కాదా అని తేల్చడానికి అధికారులు, న్యాయాధిపతులు బైబిలు ప్రశ్నలు అడుగుతున్నారు. గుమాస్తా బల్ల ముందు విశ్వాసమునకు పరీక్ష! నిజమైన విశ్వాసి చదువు రాక తప్పుతాడు, కంఠతా పట్టినవాడు నెగ్గుతాడు. మతమును గుమ్మం దగ్గర చీటీగా పెట్టిన చోట ఎవరిది నిజమైన మతమో తేల్చే పని ప్రభుత్వపు చేతికి పోతుంది. ప్రభుత్వము సంఘము వ్యవహారంలో తలదూర్చకూడదన్నది బాప్టిస్టులు పుట్టిన దగ్గరనుండి చెబుతున్న మాట. దానికోసం మనవారు ఇంగ్లండులో జైళ్లకు వెళ్లారు.

1878 వచ్చేసరికి కాలువ పని అయిపోయింది, కరువు సడలింది. జూన్ నెలలో దొరగారు బోధకులను వెల్లంపల్లికి రమ్మన్నారు. సహాయం కోరేవారిని వెంట తేవద్దని, ఇక డబ్బు లేదని కబురు చేశారు. అయినా జనం వేలుగా వచ్చి కూర్చున్నారు. ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన వారికి స్పష్టంగా చెప్పారు. వారు కదలలేదు. తమకు కావలసినది అది కాదన్నారు. ప్రతి బోధకుడూ తన ఊళ్ల వారిని తెలిసిన మనిషిగా ముందుకు తెచ్చి, ఒక్కొక్కరి గురించి సాక్ష్యమిచ్చాడు. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ దిగారు. దొరగారు ఆ రోజు నీటిలో దిగలేదు, ఒడ్డున ఉండి క్రమం చూశారు. ఆ సంవత్సరం చివరికి లెక్క 9,606కు చేరింది.

ఈ సంగతి లోకమంతటా తెలిసింది, విమర్శలూ వచ్చాయి. ఇవన్నీ బియ్యపు బాప్తిస్మములని ఎందరో అన్నారు, తోటి మిషనెరీలలోనే కొందరికి అనుమానం కలిగింది. వాటికి ఆయన దగ్గరున్న జవాబు ఆ పదిహేను నెలలు. కూలి ఇచ్చిన రోజులలో బాప్తిస్మము లేదు, బాప్తిస్మము ఇచ్చిన రోజులలో కూలి లేదు. కరువులో ఆయన అన్నం పెట్టిన అన్యమతస్థులు ఎందరో అలాగే ఉండిపోయారు, వారి కూలి వారికి ముట్టింది.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాము. కోరాపుట్ కొండలకు శరణార్థులు కొత్తవారు కారు. 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైనప్పుడు, తూర్పు బెంగాల్ విడిచి పారిపోయి వచ్చిన హిందూ కుటుంబాలను అప్పటి కోరాపుట్ జిల్లాలోని ఉమ్మర్‌కోట్, మల్కనగిరి ప్రాంతాలలో దింపారు. వారిలో చాలామంది నామశూద్రులు, మనవంటి అణగిన జనమే. మతం కారణంగా ఊరు విడిచినవారు. వారికి ఇక్కడ తప్ప వేరే దేశం ఎక్కడ ఉంది అన్న మాట న్యాయమైనదే, దానిని కొట్టివేయలేము. పాకిస్తాన్‌లో దైవదూషణ చట్టం కింద ఇరుక్కున్న క్రైస్తవుని సంగతీ అంతే. ఆ చట్టంలో వీరికి చోటు దొరికినందుకు మేము విచారించడం లేదు.

మా అభ్యంతరం జాబితా కట్టిన తీరు మీద. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం అధికారం లాక్కున్న తరువాత చిన్ కొండల ప్రజలు వేలాదిగా సరిహద్దు దాటి మిజోరాం వచ్చారు. వారు క్రైస్తవులు, వారిలో బాప్టిస్టులే ఎక్కువ. వారి దేవాలయాలు కాలిపోయాయి. అయితే వారి దేశం జాబితాలో లేదు, వచ్చిన తేదీ కూడా జాబితాకు కుదరదు. శరణార్థులుగా గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదని కేంద్రం ఆ మార్చిలోనే ఈశాన్య రాష్ట్రాలకు వ్రాసింది. మిజోరాం ప్రజలు, వారి సంఘాలు మాత్రం ఇళ్లు తెరిచారు. క్రైస్తవులనే పేరు చట్టంలో ఉన్నందుకు సంతోషించిన మనవారు ఈ సహోదరులను ఎక్కడ వ్రాసుకుంటారు? అలాగే పాకిస్తాన్‌లో అహ్మదీయులను 1974లో రాజ్యాంగం సవరించి ముస్లింలు కారన్నారు. వారి మీద దాడులు లోకమెరిగినవి. ముస్లింలు కారని అక్కడ బయటికి నెట్టారు, ఇక్కడి చట్టంలో పేర్కొన్న ఆరు మతాలలోనూ వారు లేరు.

మనకు మరింత దగ్గరిది కంధమాల్. 2008 ఆగస్టులో అక్కడ ఇళ్లు, ప్రార్థనాలయాలు కాలి, పాతిక వేలమంది దాకా ప్రభుత్వ శిబిరాలలో తలదాచుకున్నారు. అడవులలో దాగినవారు వేరే. వారు సరిహద్దు దాటినవారు కారు, ఈ ఒడిశా పౌరులే. ఏ పౌరసత్వ చట్టమూ వారికి పనికి రాలేదు. కొన్ని ఊళ్లలో తిరిగి రావాలంటే మతం మార్చుకొని రమ్మన్నారు. క్లౌ దొరగారు తన చేతిలో ఉన్నప్పుడు వాడనని పక్కన పెట్టిన ఆయుధమే ఇది, ఇక్కడ ఇతరుల చేతిలో కనబడింది. అన్నానికో ఇంటికో మతము షరతు కావడం మనకు ఇష్టం లేకపోతే, అది మనకు లాభం చేసే చోట కూడా ఇష్టం ఉండకూడదు.

మతం పేరు మీద కట్టిన జాబితా బయట నిలబడడం ఎలా ఉంటుందో మన సంఘములకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవుడు, దళిత ముస్లిం ఇప్పటికీ బయటే. గుండ్లకమ్మలో దిగినవాని మునిమనుమడు, దిగనివాని మునిమనుమడు ఒకే పల్లెలో, ఒకే గోడ అవతల ఇవతల పెరిగితే, ఒకరికి ఉన్న కాగితం మరొకరికి లేదు. కొందరు సర్టిఫికెట్టు కోసం ఒక పేరు, సంఘము రిజిస్టరులో ఒక పేరు పెట్టుకొని బ్రతుకుతున్న సంగతి పాస్టర్లందరికీ తెలుసు. బాధ ఉన్నది కులం వల్ల అయినప్పుడు మతం అడగడమెందుకని మనం డెబ్బై ఏళ్లకు పైగా అడుగుతున్నాము. ఆ ప్రశ్న అడిగే నోటితోనే శరణార్థి విషయంలో మతం పేరు జాబితా బాగుందని అనలేము.

అయితే మరి ఎవరిని ముందు తీసుకోవాలి? చోటు తక్కువ, వచ్చేవారు ఎక్కువ అయినప్పుడు వరుస ఉండక తప్పదు. క్లౌ దొరగారి కాలువ గట్టు మీద ఉన్న వరుస మాకు సరిగా కనిపిస్తున్నది. ఎవరికి ఎక్కువ అపాయం, ఎవరు సాధారణ వరుసలో నిలబడితే దెబ్బలు తింటారు, వారు ముందు. అలా చూస్తే మత హింస పడినవారే ఎన్నోసార్లు మొదట ఉంటారు, అందులో మన క్రైస్తవ సహోదరులూ ఉంటారు. ఐక్యరాజ్య సమితి 1951 ఒప్పందంలో కూడా మతమును ఐదు కారణాలలో ఒకటిగా చేర్చారు. ఫలానా మతము అని పేరు పెట్టలేదు. మన దేశం దాని మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేకమైన చట్టమూ మనకు లేదు. అటువంటి చట్టం కావాలని అడగడం మన సంఘములకు తగిన పని అని మా అభిప్రాయం.

దొరగారి మిగతా జీవితం క్లుప్తంగా. ఒంగోలు సంఘము లోకంలోని పెద్ద బాప్టిస్టు సంఘములలో ఒకటయ్యింది. పల్లెల బడులు పెరిగాయి, రామాయపట్నంలో 1872లో మొదలైన వేదాంత పాఠశాల నుండి బోధకులు వచ్చారు. హేరియట్ దొరసానిగారు 1893లో చనిపోయారు. మరుసటి ఏడు దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. మాదిగల జీవితాలను, వారి గురువులను, వారి కథలను ఓపికగా విని పుస్తకంగా వ్రాసినది ఈమే. దొరగారు నలభై ఏళ్లు ఒంగోలులో పనిచేసి, ముసలితనంలో అమెరికా వెళ్లి, 1910 నవంబరు 24న రోచెస్టరు పట్టణంలో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పగా సిద్ధమైన ఆత్మకథను ఎమ్మాగారు 1914లో అచ్చు వేయించారు. కాలువ శిబిరము గురించిన వివరాలు కావలసినవారు అందులో చూడవచ్చు.

ధాత కరువులో కాలువ తవ్విన పెద్దల కథలు ఏ కుటుంబంలోనైనా మిగిలి ఉంటే వ్రాసి పంపండి. ముఖ్యంగా, ఆ శిబిరములో పనిచేసి బాప్తిస్మము తీసుకోకుండా ఇంటికి వెళ్లినవారి కుటుంబాల కథలు ఎవరికైనా తెలిస్తే తప్పక తెలియజేయండి. స్థలమును బట్టి తరువాతి సంచికలలో ప్రచురిస్తాము.